ముసుగు తీసిన మనిషి

“ముసుగు తియ్యి. నువ్వు సుకార్దివి కాదు. వాడి బదులు ఎవడివో వచ్చావు” అన్నాడు దర్శకుడు బగస్.

జావాలోని ఆ పాడుబడ్డ చక్కెర మిల్లులో షూటింగ్ ఆగిపోయింది. బగస్ తీసిన ఆరు సినిమాల్లో దెయ్యం వేషం కట్టిన సుకార్ది ఇలా కాలీడ్చడు. పొద్దుటి నుంచీ బగస్‌కు అదే అనుమానం.

“నేనే సార్.”

“ఎవడైనా అదే అంటాడు. తియ్యి!”

రబ్బరు ముసుగు ఊడింది. చెమటకు నానిన నడివయసు ముఖం. బగస్ తేరిపార చూశాడు. అవునో కాదో తేలలేదు. సుకార్ది ముఖం తనెప్పుడూ సరిగ్గా చూడనే లేదని అప్పుడు తట్టింది.

“లారస్, నువ్వు చెప్పు. ఇతనేనా?” అని హీరోయిన్‌ను అడిగాడు.

“నేనూ ముసుగులోనే కదా చూసింది! ఏదీ అన్నా, ఓసారి నన్ను చంపు” అంటూ ఆమె కళ్లు మూసుకుంది.

అతను ఆమె గొంతు పట్టుకున్నాడు. చూసేవాళ్లకు ప్రాణం పోతున్నట్టే ఉంది.

“ఈయనే” అంది లారస్ నవ్వుతూ. “వేరేవాళ్లు నొక్కితే రెండ్రోజులు ముద్ద దిగదు. ఈయన వేళ్లు తగిలీ తగలనట్టుంటాయి.”

బగస్ అనుమానం ఇంకా చావలేదు. “మరి ఆ కాలేంటి?”

“పోయిన సినిమాలో మెట్ల మీంచి పడ్డాను కదా సార్. చెబితే ఇంకొకణ్ణి పెట్టుకుంటారని...”

ఆ రోజు షాట్ అదిరిందని బగసే చప్పట్లు కొట్టాడు. పడ్డవాడు ఎలా లేచాడో చూడలేదు.

బగస్ తన కుర్చీ తెచ్చి వేశాడు.

“కూర్చో అన్నా. ఏదీ, మోకాలు చూడనీ.”