కండ్లు ఆఖర్న

నంద్యాల బస్సుకు ఇంకా గంట టైముందని గోవిందమ్మ బువ్వ క్యారేజీతో ఆళ్లగడ్డలోని మొగుడి శిల్పాల షెడ్డుకు వచ్చింది. నంద్యాల ఆస్పత్రిలో ఉన్నది మొగుడి తల్లి. నెల నుంచి రోజూ క్యారేజీ మోస్తున్నది మాత్రం గోవిందమ్మ.

"గుడి ఆర్డర్లతో తీరిక లేదంటివే! ఈ ఆడమనిషి ఎవురు?"

మౌనేశ్వరాచారి బొమ్మ మీద గోనెపట్టా కప్పబోయి మానుకున్నాడు. "నువ్వే. ఆర్డరు కాదు, నా కోసరం చెక్కుకుంటాండా."

గోవిందమ్మ బొమ్మ చుట్టూ తిరిగింది. "ముక్కు మా చెల్లెలిది. కండ్లే లేవే?"

"దేవునికైనా కండ్లు ఆఖర్నే కదే తెరిచేది! నీవి ఎట్లుంటాయో గుర్తుకు రాలే. ఆ స్టూలు మింద కూచ్చో, చూస్తా."

"నెలకు ఇప్పుడు నా మొగం చూస్తాండావు. బాగా చూడు," అంటూ కూర్చుంది.

ఆచారి ఉలి నూరుకుని తిరిగి చూసేసరికి, ఆమె గోడకానుకొని గురక పెడుతోంది.

గోవిందమ్మ లేచేసరికి బస్సు పోయింది. క్యారేజీ లేదు, మొగుడూ లేడు. బొమ్మ మొగం మీద సుద్దతో మూసిన కండ్లు గీసి ఉన్నాయి. కింద, దాని ఒళ్లో రాసుంది:

"అమ్మకు బువ్వ నేను తీస్కపోతాండా. మీరిద్దరూ పండుకోండి."