ఒక్క నెల ఆగు

పెద్దపల్లిలో బండి కదులుతుండగా ఒక ముసలామె పరుగెత్తుకొచ్చి ఆడవాళ్ల పెట్టె ఎక్కింది.

రొప్పుతూ అందరినీ చూసింది. సరోజన ఒళ్లో ఉన్న మందు సీసా మీద ఆమె చూపు ఆగింది. వచ్చి ఎదురుగా కూర్చుంది.

సరోజన ఆమెను గమనించలేదు. తన ధ్యాసంతా సీసా మీదే ఉంది.

దసరాకు తనకు పుట్టిన ఆడపిల్ల హోళినాటికి జ్వరంతో పోయింది.

"ఆరు నెలలు దాటకముందే మళ్ల కడుపున పడితే, పోయిన పిల్లే తిరిగొస్తది," అని అత్త కమలవ్వ నమ్మకం. ఆ మాటే పట్టుకుని సరోజన రోజులు లెక్కపెట్టుకుంటోంది.

శ్రావణం వచ్చింది. ఇంకా నెలే మిగిలింది. కాన్పుతో ఆగిన ముట్టు మాత్రం ఇంతవరకూ రాలేదు.

ముట్టే రానిది కడుపెట్లా వస్తుంది?

అందుకే అత్తాకోడళ్లు బెల్లంపల్లి నుంచి పొద్దున్నే బయల్దేరి, ముట్టు తెప్పిస్తాడని పేరున్న పెద్దపల్లి పోశం దగ్గర ఈ సీసా తీసుకున్నారు.

"బండిలనే ఒక మోతాదు తాగుమన్నడు గద. తాగు బిడ్డా," అంది కమలవ్వ.

సరోజన బిరడా తీసింది. ఘాటు ముక్కుకు తగిలింది. కిటికీకి తల ఆనించి కక్కుకుంది.

"గిట్ల రోజూ అయితుందా బిడ్డా?" ముసలామె అడిగింది.

"పొద్దుగాల అయితుంది. బొగ్గు పొగ పడ్తలేదు."

"పాలు తాపుడు ఎప్పుడు ఆగింది?"

సరోజన కళ్లు నిండాయి. "హోళికి. పిల్ల పోయినప్పుడే."

ముసలామె ముఖం పాలిపోయింది. "గా మందు తాగకు. నువ్వు కడుపుతోటి ఉన్నట్టున్నవ్."

కమలవ్వ కసిరింది. "ముట్టే రాలే. కడుపెట్లయితది? నలుగుర్ని కన్న, నాకెరుక లేదా?"

"ముట్టు రాకముందు గూడ కడుపు నిలుస్తది చెల్లె. గీ మందు పడ్డదంటే అది దక్కది. జర దవఖాన్ల చూపియ్యి."

"నీకెవలు చెప్పిండ్రు? నువ్వేమన్న డాక్టరమ్మవా?"

ముసలామె తల దించుకుంది.

సరోజన ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తాగితే ఏమవుతుందో. తాగకపోతే గడువు దాటిపోతుంది. కళ్లు మూసుకుని సీసా ఎత్తింది.

బండి గోదారి వంతెన మీదికి వచ్చింది.

ముసలామె లేచి, సీసా లాక్కుని కిటికీలోంచి నదిలోకి విసిరేసింది.

కమలవ్వ ఆమె చెంప మీద కొట్టింది. "పిచ్చిది, పిచ్చిది!" అని పెట్టెలోని ఆడవాళ్లు కేకలు పెట్టారు. మంచిర్యాలలో ఆమెను రెక్క పట్టి దించేశారు.

ఆమె పోలేదు. కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఒక్క నెల ఆగు బిడ్డా. నీ కాల్మొక్కుత."

సరోజనకు దుఃఖం ఆగలేదు. "నా పిల్లను రాకుంట జేసినవ్! నీ కడుపు కాల!"

ముసలామె చువ్వ వదిలేసింది.

బండి కదిలింది.

రెండ్రోజులకు కమలవ్వ మళ్లీ పెద్దపల్లి ప్రయాణం కట్టింది.

"నాకొద్దత్తా," అంది సరోజన.

"గా పిచ్చిదాని మాట ఇంటవానే?"

"చెంపదెబ్బ తిన్నోళ్లు ఎవలన్న కాల్మొక్కుతరా అత్తా? నెల ఆగుత."

"నెల ఆగితే గడువైపోతది!"

"అయిపోనీ."

అంది గానీ, ఆ రోజు నుంచి సరోజనకు ముద్ద దిగలేదు. కమలవ్వ మాట్లాడటం మానేసింది. గని నుంచి వచ్చిన భర్త సిద్దిరాములు తల్లి ముఖం, పెండ్లాం ముఖం చూసి, ఏమీ అడగకుండా తిని పడుకునేవాడు.

భాద్రపద పున్నమి వచ్చింది. ఆరు నెలలూ నిండాయి.

ఆ మధ్యాహ్నం సరోజన చేట ముందు పెట్టుకుని, ఏడుస్తూ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

పొత్తికడుపులో ఏదో చేపపిల్లలా మెదిలింది.

కదలకుండా కూర్చుంది. మళ్లీ మెదిలింది.

"అత్తా!"

కమలవ్వ పరుగెత్తుకొచ్చి కడుపు మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత అక్కడే కూలబడింది.

"నేనే తాపుదునే బిడ్డా..."

మాఘంలో ఆడపిల్ల పుట్టింది.

పిల్లకు నెల దాటగానే కమలవ్వ ఒక కొత్త చీర కొంది. అత్తాకోడళ్లు పిల్లనెత్తుకుని పెద్దపల్లికి పోయి పోశం ఇంటి ముందు నిలబడ్డారు.

"సన్నగ, పొడుగ్గ ఉంటది. నుదుటి మీద పచ్చబొట్టు. గీ దిక్కుకెల్లే ఉరికొచ్చి బండెక్కింది. నీకెర్కేనా అయ్యా?" కమలవ్వ అడిగింది.

ఏదో వేరు దంచుతున్న పోశం రోకలి ఆపాడు.

"మా అవ్వ. భూమవ్వ. కార్తీకంల పోయింది."

కమలవ్వ చీరను గుండెకు హత్తుకుంది. సరోజనకు ఏడుపు కూడా రాలేదు.

"గంత మంచి మనిషిని కొడితిని," అంది కమలవ్వ. "మరి కన్నకొడుకు మందును గోదాట్ల ఎందుకేసింది?"

"నేను సీసా ఇచ్చినప్పుడల్ల తీస్కపోయినోళ్ల ఎంటబడి ఉరికేది. నేనే ఇనలే. ఆమె పోయినంక గా మందు కాచుడు బంద్ చేసిన."

పోశం సరోజన చేతుల్లోని పిల్లను చూశాడు.

"గది నాకు కాచుడు నేర్పింది అవ్వనే. మా ఒక్కగానొక్క చెల్లె బాలవ్వకు పిల్ల పుట్టినంక ముట్టు రాలేదని తన చేతులతోనే తాపింది. చెల్లె కడుపుతోటి ఉన్నదని పానం పోయినంకనే తెలిసింది."