పద్నాలుగో నంబరు సీసా

"ఎవడో గానీ, వీడికి నోటిదురద ఎక్కువ," అంటూ కోరిన్ బీరు పోటీ నుంచి పోస్టులో వచ్చిన కాగితం మొగుడి ముందు పెట్టింది.

వెర్లిన్ తెల్లబోయాడు. "ఇంట్లో కాచిన బీరు పోటీకి పంపావా? నాతో అననే లేదే!"

"సీసా మీద నంబరే గానీ పేరుండదుగా. చదువు."

'నంబరు 14. ఆసుపత్రి కట్టుగుడ్డ కంపు. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టకుండానే కాచారు. పారబోయండి.'

చేతిరాత తనదే. పోయిన శనివారం మిల్వాకీ పోటీలో జడ్జీగా కూర్చుని, పక్క జడ్జీని నవ్వించడానికి రాశాడు.

"ఇంకో సీసా మిగిలింది. నువ్వూ తాగి చెప్పు," అంటూ కోరిన్ గ్లాసులో పోసింది.

ఒక్క గుక్క తాగాడు. అదే కంపు గుప్పున ముక్కుకెక్కింది.

"భలే ఉంది. ఆ జడ్జి ఎవడో తలతిక్క వెధవ."

కోరిన్ నవ్వలేదు. కాగితం తీసుకుని జాగ్రత్తగా మడిచింది.

"నీ రాత నాకు తెలీదా, వెర్లిన్? తిట్టినందుకు బాధ లేదు. ఈసారి నీళ్లు మార్చి కాస్తాను. పదకొండేళ్లుగా నేనేం చేసినా భలే ఉందనే అన్నావు. ఇక నిన్నేం అడగాలన్నా, పేరు దాచుకునే అడగాలా?"