షోకేసులో కత్తి

ఆదివారం మధ్యాహ్నం వియ్యంకుడు భోజనానికి వస్తున్నాడు. శుక్రవారం సాయంత్రమైపోయింది. రామలింగం ఇంటి షోకేసులో ఇంకా కత్తి లేదు.

అది టిప్పు సుల్తాన్ వంపు కత్తికి నమూనా. పులితల పిడి, ఎర్ర ముఖమల్ ఒర. నిరుడు ఏలూరులో రామలింగం కొత్తిల్లు కట్టుకున్నప్పుడు నల్లజర్ల నుంచి వియ్యంకుడే తెచ్చి చేతుల్లో పెట్టాడు. ఇంట్లో కత్తెందుకని రామలింగం నెల తిరక్కుండానే దాన్ని తాడేపల్లిగూడెంలో స్నేహితుడి షాపు ప్రారంభానికి చదివించేశాడు.

శుక్రవారం పొద్దున వియ్యంకుడు ఫోన్ చేశాడు.

"బావగారూ, ఆ కత్తి భద్రంగా ఉంది కదండీ? ఆదివారం వచ్చి ఓసారి చూస్తాను."

"మీరిచ్చింది ఎక్కడికి పోతుందండీ," అనేశాడు రామలింగం.

ఫోన్ పెట్టాక చెమటలు పట్టాయి. పెళ్ళిలో కాఫీ చల్లారిపోయిందని మూడేళ్ళయినా గుర్తుచేసే మనిషి ఆయన. కూతురు సింధూరి ఉండేది ఆ ఇంట్లోనే. కత్తి లేదని తెలిస్తే మాటలు పడేది ఆ పిల్లే.

ఊళ్ళో గిఫ్టు షాపులన్నీ తిరిగాడు. "ఆ మోడల్ కంపెనీవాళ్ళు ఆపేశారండీ," అన్నారు అందరూ. ఆన్‌లైన్లో ఫోటో ఒక్కటే మిగిలింది, కింద స్టాకు లేదని రాసుంది.

రాత్రంతా నిద్రపట్టలేదు. శనివారం తొలి బస్సుకే తాడేపల్లిగూడెం వెళ్ళాడు. ఇచ్చిన వస్తువు వెనక్కి అడగడం ఎంత నామోషీ. ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా ఆలోచిస్తూనే ఉన్నాడు. తీరా కత్తి సంగతి అడిగితే స్నేహితుడు విజయ్‌కుమారే తలవంచుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. మా ఆవిడకి కత్తులంటే భయమండీ. ఆకివీడులో చేపల వ్యాపారి భానుప్రకాష్ గారి పుట్టినరోజుకి ఇచ్చేశాను."

రామలింగానికి ఒళ్ళు మండింది. కానీ ఏ మొహంతో తిడతాడు? మళ్ళీ బస్సెక్కాడు.

ఆకివీడులో లారీలకి చేపల ట్రేలు ఎక్కిస్తున్నారు. భానుప్రకాష్ ఆఫీసు గోడకి కత్తి వేలాడుతోంది. దాన్ని చూడగానే రామలింగానికి ప్రాణం లేచొచ్చింది. సంగతంతా దాచకుండా చెప్పేశాడు.

"వియ్యంకుల మర్యాదంటే మాటలాండీ. పట్టుకెళ్ళండి," అంటూ భానుప్రకాష్ కత్తి దించి ఇచ్చాడు.

గోడ బోసిపోకుండా మంచి గడియారం పంపిస్తానన్నాడు రామలింగం. అదీ ఎవరో తనకి చదివించిందే. కత్తిని దుప్పటిలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే పక్కసీటాయన లేచి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

ఆదివారం వియ్యంకుడు మంచినీళ్ళు కూడా తాగకుండా తిన్నగా షోకేసు దగ్గరికి నడిచాడు. కత్తిని కిందా మీదా చూశాడు. వెళ్ళి భోజనానికి కూర్చున్నాడు.

రామలింగం భార్య వెంకటరమణమ్మ పనసపొట్టు కూర వడ్డించింది. వియ్యంకుడు రెండు ముద్దలు తిని మళ్ళీ షోకేసు వైపు చూశాడు. రామలింగానికి అన్నం సహించలేదు. ఒర మీద గీత ఏమైనా పడిందా? చేపల వాసన గానీ వస్తోందా?

వియ్యంకుడు చెయ్యి కడుక్కొచ్చి దగ్గరగా కూర్చున్నాడు. లోపల ఆడవాళ్ళు వింటున్నారేమోనని ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"బావగారూ, మీరేమీ అనుకోనంటే, ఈ కత్తి నాకు చదివించిన పెద్దమనిషి రేపు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు, ఒక్క రెండ్రోజులు ఇస్తే మళ్ళీ తెచ్చి ఇక్కడే పెట్టేస్తానండీ."