మొదటి దెబ్బ

హైదరాబాద్‌లో ఇప్పుడు సైకిళ్లు వాటంతట అవే నిలబడతాయి. అందుకే మా ఏడేళ్ల లాస్య ఎన్నడూ కింద పడలేదు. నర్సాపూర్ అడవి గేటు దగ్గర గార్డు దాని సైకిల్‌ను నిలబెట్టే మోటారు ఆపేశాడు.

"లోపల మిషన్లు బంద్ అక్కా, జింకలు బెదురుతయ్."

"పిల్ల పడితే?"

"పడితే లేస్తది."

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగినా, బడికి మోటారు లేని ఉత్త సైకిల్ తొక్కుకుంటూ పోయినదాన్ని. సీటు పట్టుకుని వెంట పరుగెత్తాను. మలుపులో చెయ్యి జారింది. పిల్ల మట్టిలో పడింది.

సంచిలోంచి పసుపు పొట్లం తీశాను. లాస్య మోకాలి మీది రక్తాన్ని వింతగా చూసుకుంటోంది.

"పసుపు పెట్టకమ్మా! సోమవారం బళ్లె చూపియ్యాలె. మా క్లాసుల ఎవ్వరూ పడలే."

గాయం నీళ్లతో కడిగి, మళ్లీ సీటు పట్టుకున్నాను.