చప్పుడు ఆగితే

“ఏం పని చేసెటోనివి కాకా?” గది తాళంచెవి ఇవ్వబోతూ అడిగింది సుందరాబాయి.

“బాయి పనే చెల్లే! జిందగీ అంతా బాయిలనే గడిచింది,” అన్నాడు సిద్ధరాములు.

తాళంచెవి సుందరాబాయి చేతిలోనే ఉండిపోయింది. సోలాపూర్‌లో బాయి అంటే ఆడమనిషి. సుందరాబాయి, యమునాబాయి, పార్వతీబాయి... దాజీ పేట్‌లో ఆ గల్లీ నిండా బాయిలే!

“ఇంట్ల ఊకుంటుండెనా మరి?”

“యాడ ఊకుంటది? పోవద్దని మా ఇంటామె ఒకటే ఏడ్చేది. పోకుంటే పిల్లలెట్ల బతుకుతరు? మాపటికి మొఖం నల్లగ చేసుకొని ఇంటికొస్తుంటి,” అని నవ్వాడు ముసలాయన.

మొఖం నల్లగ చేసుకొని రావడం! మరాఠీలో అది ఎలాంటి రంకు పని చేసినవాళ్లను అనే మాటో సుందరాబాయికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ గోడ అవతలే పవర్‌లూమ్ షెడ్డు. ఆ మోతకు భయపడి ఎవరూ అద్దెకు రాని గది అది. ఆయనేమో గోడకు చెవి ఆనించి, “మస్తు సప్పుడు!” అని మురిసిపోతున్నాడు. గతి లేని గదికి మతి లేని మనిషి దొరికాడనుకుని తాళంచెవి ఇచ్చేసింది.

పోగులు లేకుండా నేసే బట్ట పుకారొక్కటే. బీడీలు చుట్టే చేతులు ఊపుకుంటూ యమునాబాయి సాయంత్రానికల్లా గల్లీ మొత్తం చుట్టబెట్టింది.

“ఆయన నొసటి మీద నీలిమచ్చ చూసిన్రా? ఎవరి మొగుడో కొట్టిండు!”

ఆ వారమే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు టక్కున ఆగాయి.

కరెంటు పోతే, కరెంటు కొట్టినట్టు లేచాడు సిద్ధరాములు.

ఒక్కో తలుపూ బాదుతూ గల్లీలో పరుగెత్తాడు. “లెవ్వుండ్రి! బయటికి రండ్రి! జల్ది!”

మగవాళ్లంతా షెడ్లలో ఉండే వేళ. ఆడవాళ్లు బీడీల చాటలు పట్టుకునే బయటికొచ్చారు. సిద్ధరాములు ఒక్కొక్కరి మొఖం పరీక్షగా చూశాడు. అందరూ వచ్చారని తేలాక తువ్వాలతో చెమట తుడుచుకుని, గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకున్నాడు.

“చూసినవా, ఎట్ల చూస్తుండో! బాయిల మొఖం చూడంది ఒక్క పూట గడవదు ఈయనకు,” అంది యమునాబాయి.

మళ్లీ ఒకరోజు కరెంటు పోయింది. మళ్లీ అదే బాదుడు.

మూడోసారి కరెంటు పోయినప్పుడు సుందరాబాయి కూతురు సారిక స్నానం చేస్తోంది. సిద్ధరాములు స్నానాలగది తలుపు విరిగేలా బాదాడు.

“బిడ్డా! ఎట్లున్నదానివి అట్లనే బయటికి రా!”

అంతే. అద్దెకు ఇచ్చినామె అడ్డం తిరిగింది. ఆయన పెట్టె తెచ్చి గల్లీలో పెట్టింది.

“నీ సామాన్ తీస్కొని నడువ్ కాకా.”

“చెల్లే, గింత సప్పుడుంటెనే నాకు నిద్ర పడుతది. మా బిడ్డ ఇల్లు కొత్త కాలనీల ఉన్నది. ఆడ సప్పుడే లేదు. రెప్ప పడది నాకు.”

“ఆడనే పండు. ఇంగ ఈ గల్లీ బాయిలను సుఖంగ ఉండనియ్యి.”

ఆమె ఏమంటోందో ఆయనకు అర్థమైనట్టు లేదు. పెట్టె భుజానికెత్తుకున్నాడు. మలుపు దగ్గర ఆగి, “సప్పుడు ఆగితే మాత్రం లోపల ఉండకుండ్రి చెల్లే,” అనేసి వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఆయన కూతురు అంకిత వచ్చింది.

“మా నాయిన పరుపు ఈడనే ఉండిపోయిందట అత్తా.”

“ఏం, కాకా రాలే?”

“పోయిన సోమవారం పోయిండు.”

“యాడికి?” అనేసి సుందరాబాయి నాలుక కరుచుకుంది.

“కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే. మా ఇంట్ల ఆయనకు నిద్రే పట్టకపోతుండె,” అంది అంకిత.

అప్పుడే గోడ అవతల మగ్గాలు ఆగాయి.

ఎవరూ తలుపు బాదలేదు. అయినా యమునాబాయి చాటతో బయటికొచ్చింది. పార్వతీబాయి వచ్చింది. తడి జుట్టుతో సారిక వచ్చింది. వచ్చాక, ఎందుకొచ్చామో తెలియక ఒకరి మొఖాలొకరు చూసుకున్నారు.

“ఎవరు పిలిచిన్రని వచ్చిన్రు?” అంకితకు ఆశ్చర్యమేసింది.

“మీ నాయిన చేసిన అల్వాటు,” మూతి తిప్పింది యమునాబాయి. “జిందగీ అంతా బాయిలనే గడిపిండట గద!”

అంకిత ఫక్కున నవ్వింది.

“అయ్యో అత్తా! బాయంటె ఆడోళ్లు గాదు. బొగ్గు ఖాణ్ ఉంటది గద, దాన్ని మా దిక్కు బాయంటరు. నాయిన భూమిల దిగి బొగ్గు తవ్వెటోడు. ఆ నొసటి మచ్చ బొగ్గుపెళ్ల పడ్డదే. మమ్ముల సదివిచ్చింది, పెండ్లిండ్లు చేసింది ఆ బాయే.”

గల్లీ అంతా నవ్వింది, తలలు దించుకునే. సుందరాబాయికి మాత్రం నవ్వు రాలేదు.

“మరి లైట్ పోతె తలుపులెందుకు బాదెటోడు బిడ్డా?”

అంకిత చుట్టూ నిలబడ్డ వాళ్లను చూసింది.

“లోపలికి గాలి పంపెతందుకు బాయి మీద పెద్ద పంకా ఉంటది. దాని సప్పుడు ఆగిందంటె అందరు బయటికి రావాలె. ఒకనాడు ఆగింది. మా అన్న సుత ఆ బాయిలనే, అందరికన్న ఆ చివరకు పని చేస్తుండె. నాయిన వాని కోసం ఉరికిండు... తొవ్వల కనబడ్డోళ్లనందర్ని పిలుచుకుంట, లేపుకుంట, పైకి తోలుకుంట.”

“మీ అన్న?”

“అందర్ని లేపిండు అత్తా. అన్న కాడికి పోయేసరికి, వాడు లేపినా లేవలే.”