పెరిగే వంటగది

గాజువాకలో నూకరత్నం, ఆమె అన్న భార్య పైడితల్లి ఒకే ఇరుకు వంటగదిలో రెండు పొయ్యిలు పెట్టుకుని రోజూ పోట్లాడుకునేవారు. వీధంతా పెట్టించుకుంటున్నారని వాళ్లూ గోడకు, గదిని పెద్దది చేసే క్షేత్రం పెట్టె బిగించుకున్నారు. విశ్వం పుట్టిన తొలి క్షణంలో దాన్ని ఉబ్బించిన శక్తి క్షేత్రమే ఇప్పుడు గదులను ఉబ్బిస్తోంది.

వారం తిరిగేసరికి వంటగది అరకిలోమీటరు పొడవయింది. నూకరత్నం హాయిగా పాడుకుంటూ వండుకుంది. మూడో వారానికి వదిన పొయ్యి కనబడలేదు. పిలిచినా మాట అందలేదు. ఆమె పడిపోయినా తెలియదన్న భయంతో నూకరత్నం మెకానిక్‌ను పిలిచింది.

"పెరగడం ఆపగల్ను గానీ, పెరిగింది తగ్గదమ్మా," అంటూ అతను మీట తిప్పాడు. క్షేత్రం ఆగిపోతూ తనలోని శక్తినంతా వేడిగా వదిలింది.

ఆ ఉక్కలో నూకరత్నం చేపల కూర గిన్నె పట్టుకుని రెండు గంటలు నడిచింది. ఎదురుగా పైడితల్లి మజ్జిగ చెంబుతో వస్తోంది.

"ఏటే, ఎక్కడికి?"

"నిన్ను సూద్దారనే వదినా."

"నానూ అందుకే ఒచ్చినాను. మల్లీ అంత దూరం నడవలేనే తల్లీ. ఇక్కడే కూకుని తిందుం, రా."

ఎకరాల కొద్దీ ఖాళీగా ఉన్న ఆ గదిలో, పైడితల్లి కొంచెం పక్కకు జరిగి ఆడపడుచుకు చోటిచ్చింది.